రెండు బూజులు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



"మన గ్రంథాలయము: గతము, భవిష్యత్తు" అను విషయముపై మాటాడవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. గతమును గూర్చి నాకంటె బాగుగా చెప్పగలవారు ఈ సభలో నలుగురైదుగురు కలరు. భవిష్యత్తు చెప్పుటకు నేను జ్యోతిష్కుడను గాను. లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. మా తండ్రిగారు 1984 లో కరణీకములు రద్దగు పర్యంతము ఈ గ్రామమునకు కరణము. నేను సహకార పరపతి సంఘమునకు లెక్కలు వ్రాయుచు, ఈ గ్రంథాలయపు ఆదాయవ్యయములను కూడ మొదటినుండి వ్రాయుచున్నాను. కావున ఆ లెక్కలలో తగులుకొన్న సంగతి యొకటి, మన గ్రంథాలయమునకును మన ఇండ్లకును కూడ చెందినది, విన్నవించుకొందును. అది బూజు.

నవ్వుచున్నారు. రజతోత్సవపు పందిరిలో, మామిడి తోరణముల క్రింద, బూజు మాట యేమిటని కొందఱికి తోచవచ్చును. కాని రేపు ఉదయము ఉత్తరపు గదిలోని పాత బీరువా తెరచి, పాఠశాల విద్యార్థులచే శ్రమదానముగా పుస్తకములు దులిపించి, ప్రదర్శనకు పెట్టుదురని కార్యక్రమ పత్రములో అచ్చయినది. ఆ పని జరుగుటకు ముందే ఈ మాట మీ చెవిని వేయవలెనని తొందరపడితిని.

తెలుగులో బూజు అను మాట యొక్కటే గాని వస్తువులు రెండు. ఇంటి దూలములకు, మూలలకు సాలెగూళ్లు, పొయ్యి పొగ, దుమ్ము కలిసి వ్రేలాడునది ఒక బూజు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టినపుడు నాలుగు దినములకు తెల్లగా పఱచుకొనునది మఱియొక బూజు. వానకాలమున తోలుచెప్పుమీద, గోడమీద, పుస్తకపు అట్టమీద పచ్చగానో నల్లగానో మొలచునదియు ఈ రెండవదియే. మొదటిది పోగుపడునది, రెండవది మొలచునది, ప్రాణముగలది. శాస్త్రజ్ఞులు దీనిని శిలీంధ్రమందురు. ఒక మాట అనేక వస్తువులకు చెల్లుట భాషకు లోపము కాదు. సంస్కృతమున హరి శబ్దమునకు విష్ణువు, ఇంద్రుడు, సింహము, కోతి, ఇంకను ఎన్నో అర్థములు కలవు. సందర్భమునుబట్టి తెలిసికొందుము, కోతిని చూచి తులసిదళము సమర్పింపము. బూజు విషయములో మాత్రము సందర్భము చూచుట లేదు. భోగికి ముందు దూలములకు చేసినట్లే, మొలచిన బూజునకు కూడ పొడిచీపురు పట్టుకొందుము.

అక్కడనే చిక్కు వచ్చినది. మొలచిన బూజు తన సంతతిని కంటికి కానరాని బీజములుగా గాలికి వదలును. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులు. మన ఇండ్లలో విరివిగా కనబడు ఆస్పర్జిల్లస్ అను బూజు బీజము 2, 3 మైక్రానులు. ముక్కులోని రోమములు, చీమిడి పెద్ద దుమ్మును పట్టుకొనగలవు గాని 5 మైక్రానులకు లోబడినది తఱచుగా తప్పించుకొని ఊపిరితిత్తుల లోతట్టుకు పోవును. బీజములతోపాటు బూజుపోగుల తునుకలు కూడ లేచును. అవి బీజములకంటెను చిన్నవి, సంఖ్యలో ఎక్కువ. దులిపినవాడు వెళ్లిపోయిన తరువాత కూడ అవి గదిలోని గాలిలో గంటలకొలది తేలియాడుచుండును.

పరీక్షిన్మహారాజు కథ మీరెఱుగుదురు. ఒంటిస్తంభపు మేడ, చుట్టును కావలి, విషవైద్యులు, మంత్రవేత్తలు. ఇంతటి కట్టుదిట్టములోనికి తక్షకుడు పెద్ద పామై రాలేదు; పండులో చిన్న పురుగై వచ్చెను. నేను ఆదిపర్వము చదివిన ప్రతిసారియు ఆ పురుగు దగ్గఱ ఆగుదును. కావలివారు మెలకువగనే యుండిరి. వారు చూచుచున్నది పామును.

ఇక ఇంటిసంగతికి వచ్చెదను. మన మొదటి గ్రంథపాలకులు వరుసకు నాకు పినతండ్రి. ఊరిలో అందఱును మాస్టారని పిలుతురు గాన పేరు చెప్పనక్కఱలేదు. ఉద్యోగవిరమణ చేసిన పిమ్మట, పైసా జీతము పుచ్చుకొనక, 17 ఏండ్లు ఈ గ్రంథాలయమును నడపిరి. ప్రతి శుక్రవారము తలకు తువ్వాలు చుట్టుకొని బీరువాలన్నియు తానే దులిపెడివారు. 2015 వానకాలమున దగ్గు పట్టుకొనినది. రాత్రివేళ రొమ్ములో పిల్లికూతలు. అప్పుడప్పుడు గోధుమరంగు ముద్దగా కఫము పడెడిది. పట్టణములో ఒక వైద్యుడు ఛాయాపటము తీయించి, మచ్చ చూచి, క్షయయని మందులిచ్చెను. కఫములో క్షయక్రిమి కనబడలేదు. ఆరు మాసములు ఆ మాత్రలు మ్రింగిరి. వేడిచేసి కండ్లు పచ్చబడినవి గాని దగ్గు తగ్గలేదు. ఆ వైద్యునికి దోషమంటగట్టుటకు లేదు. మన దేశములో క్షయ మెండు. ఛాయాపటములో ఈ రెండు రోగముల మచ్చలును ఒక్కతీరుననే యుండునట.

అటుపిమ్మట వేఱొక వైద్యురాలియొద్దకు నేనే తీసికొనిపోయితిని. చిన్న వయసు అమ్మాయి. కాగితములన్నియు ప్రక్కన బెట్టి, "తాతగారూ, మీరు దినమంతయు ఏమి చేయుదురు?" అని యడిగినది.

"పుస్తకములు చదువుదునమ్మా. చదువనపుడు దులుపుదును" అనిరి మా బాబాయిగారు.

ఆ యొక్క ప్రశ్న అంతకుముందెవ్వరును అడుగలేదు. నేను తరువాత చదివి తెలిసికొంటిని: 1700 లో ఇటలీ దేశమున రామజ్జిని అను వైద్యుడు వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. రోగిని అడుగవలసిన ప్రశ్నలలో నీ వృత్తి యేమి అనునది కూడ చేర్చవలెనని చెప్పినవాడు అతడే. ధాన్యము జల్లించువారికి ఆ దుమ్మువలన వచ్చు దగ్గును, ఎగయూపిరిని అతడు ఆ గ్రంథములో వర్ణించెను. మూడువందల ఏండ్ల నాటి ఆ ప్రశ్న మన పట్టణమునకు వచ్చి చేరుసరికి మా బాబాయిగారికి ఆరు నెలల మందు ఒంటబట్టినది.

రక్తపరీక్షయు, చర్మపరీక్షయు చేసి ఆమె తేల్చినదేమనగా, ఆస్పర్జిల్లస్ బూజు ఊపిరిగొట్టములలో నిలిచి, శరీరము దానిని సహింపక తిరుగబడుచున్నదని. స్టెరాయిడు మందులతో సగమునకు పైగా నయమైనది. కాని వాయుగొట్టములు కొన్ని వెడల్పయి అట్లే నిలిచిపోయినవి. ఇక పుస్తకపు బీరువా తెరువవద్దని కట్టడి చేసినది. ఆయన ఈ క్షణమున కూడ లోనికి రాక వాకిటి అరుగుమీదనే కూర్చుండి నా మాటలు వినుచున్నారు. 2017 నుండి అదియే ఆయన స్థానము.

ఈ వార్త ఊరిలో ఎట్లు మాఱినదో మీకు జ్ఞాపకముండును. గ్రంథాలయపు పుస్తకములలో విషమున్నదనిరి. ముట్టుకొన్నచో ఊపిరితిత్తులు కుళ్లుననిరి. మన చందాదారులు 146 మంది ఉండగా ఏడాదిలోపల 61 కి దిగిరి. ఆ అంకెలు నా చేతివ్రాతలోనే యున్నవి. మరల 2021 లో కరోనా రెండవ ఉధృతి వేళ, మే నెలలో, పత్రికలనిండ "బ్లాక్ ఫంగస్" మాట వచ్చినపుడు మిగిలినవారిలో కొందఱు ఇంట నున్న మన పుస్తకములను సంచిలో పెట్టి తలుపు బయట దింపి పోయిరి. ఆ రోగము తీరు వేఱు. దానిని కలిగించు శిలీంధ్రములు మ్యూకరు జాతివి. మధుమేహము అదుపుతప్పినవారికి, స్టెరాయిడులు మెండుగా వాడినవారికి అది వచ్చినది. అందలి నలుపు శిలీంధ్రపు రంగు కాదు, చచ్చిన కండ రంగు. మన గోడమీది నల్లమచ్చకు ఆ పేరు తగిలించి భయపడుట, హరి యనగానే కోతికి తులసిదళము సమర్పించుటవంటిదే.

అయినను విషమను మాట ఉత్తది కాదు. అందుచేత నేను కొన్నాళ్లు కూర్చుండి దీనిని చదివితిని.

బూజులలో కొన్ని తమ చుట్టునున్న ఇతర సూక్ష్మజీవులను త్రోలివేయుటకో మఱి దేనికో కొన్ని ద్రవ్యములను పుట్టించును. వానిలో పెనిసిలిను వంటిది మనకు ఔషధమైనది; 1928 లో ఫ్లెమింగు కనుగొన్నాడు. అట్టివియే కొన్ని విషములు. 1960 లో ఇంగ్లండు దేశమున టర్కీకోళ్లు లక్షకు మించి కారణము తెలియక చచ్చినవి. మేతలో కలిపిన వేరుశనగ పిండి, బ్రెజిలు దేశమునుండి వచ్చినది, బూజుపట్టియుండెను. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పుట్టించిన ఆ విషమునకు ఆ పేరులోని ముక్కలు కూర్చియే అఫ్లటాక్సిను అని పేరు పెట్టిరి. వండినను, వేయించినను అది చాలవఱకు చావదు. బూజుగింజలు గానుగ పట్టించినచో నూనెతోపాటు కొంత దిగును. దీర్ఘకాలము కొద్దికొద్దిగా తిన్నవారికి కాలేయమున రాచపుండు పుట్టించునని ప్రపంచమంతటను ఒప్పుకొనిరి. కామెర్ల బి వైరసు ఉన్నవారికి ఆ ప్రమాదము అనేక రెట్లు.

మన దేశపు కథ అంతకంటె దారుణము. 1974 శరత్కాలమున అకాలవర్షములకు రాజస్థానములోని బాన్స్‌వాడా, గుజరాతులోని పంచమహల్ జిల్లాలలో మొక్కజొన్న తడిసినది. అదియే వారికి అన్నము. ఆరబెట్టుటకు ఎండలేదు, పారవేయుటకు చేయిరాదు. ఆ గిరిజన గ్రామములలో 397 మందికి కామెర్లు, కడుపున నీరు వచ్చి, 106 మంది మరణించిరి. వారి యిండ్లలో ఆ రొట్టెయే తిన్న కుక్కలకును అదే రోగము వచ్చినది. దీనిని పరిశోధించి అఫ్లటాక్సినని నిరూపించినది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. ఈ సంగతి చదివిన నాటినుండి మా ఇంటిలో ముడుచుకొనిపోయిన వేరుశనగపప్పు గాని, ఆకుపచ్చ పొడి అంటుకొన్న మొక్కజొన్న గాని పశువులకు కూడ వేయుట మాన్పించితిని. పాలలోనికి కూడ ఆ విషము కొంత దిగును.

ఇది తిన్న విషము. పీల్చిన విషము మాటేమి? ఇక్కడ నిదానముగా అడుగు వేయవలెను. హాలండు దేశములో వేరుశనగ మొదలైన నూనెగింజలు ఆడించు మిల్లులో అఫ్లటాక్సినుతో కూడిన దుమ్ము పీల్చిన పనివారిని ఏండ్లతరబడి గమనించి, 1984 లో లెక్క ప్రకటించిరి. వారిలో క్యాన్సరు మరణములు ఎదురుచూచినదానికంటె ఎక్కువ కనబడినవి. కాని పనివారు కొద్దిమందియే గాన అది అనుమానమునకు బలమిచ్చునే గాని తీర్పు కాదు. అంతకుముందు, 1930 తరువాతి సంవత్సరములలో, ఉక్రెయిను ప్రాంతమున స్టాకీబోట్రిస్ అను నల్లబూజు పట్టిన గడ్డి మేసి గుఱ్ఱములు గుంపులుగా చచ్చినవి. ఆ గడ్డిని మోసిన మనుష్యులకు ముక్కు, గొంతు మండి, నెత్తురు కారి, చర్మము పొక్కినది. వారు ఆ గడ్డిని తినలేదు గదా.

అందుచేతనే 1993, 1994 సంవత్సరములలో అమెరికా దేశపు క్లీవ్‌లండు నగరమున పదిమంది పసికందులకు ఊపిరితిత్తులలో నెత్తురు చిమ్మినపుడు, వారి నీరుకారిన యిండ్లలో అదే నల్లబూజు కనబడగా, దానివలననే యని మొదట చాటిరి. ప్రపంచమంతయు నల్లబూజు పేరు చెప్పి వణకినది. కాని 2000 సంవత్సరమున ఆ దేశపు వ్యాధినివారణ కేంద్రమువారే తమ లెక్కను తిరుగదోడి, ఆ సంబంధము నిరూపితము కాలేదని ప్రకటించిరి. తాము కట్టిన మొత్తమును తామే కొట్టివేసి, ఎఱ్ఱసిరాతో మరల వ్రాసికొన్నవారిని చూచినపుడు లెక్కలవాడనైన నాకు గౌరవము కలుగును.

ఫిన్లండు మొదలగు శీతలదేశములలో చెమ్మయెక్కిన బడులనుండి, ఇండ్లనుండి దుమ్ము ఎత్తి పరీక్షించిరి. బూజువిషములు నిజముగనే కనబడినవి, కాని నానోగ్రాముల పరిమాణములో. గ్రామును నూఱు కోట్ల భాగములు చేసిన అందొక భాగము నానోగ్రాము. బాన్స్‌వాడా ప్రజలు దినమునకు తిన్న విషము మిల్లీగ్రాములలో నుండెను. ఒక్క మిల్లీగ్రాము పది లక్షల నానోగ్రాములు. మనిషి ఇంటిలో పీల్చు దుమ్ము మిక్కిలి కొలది. ఈ రెంటిని ఒకే పద్దులో వ్రాయుట నా వృత్తిలో నేరము. అంతమాత్రమున దుమ్ములోని విషము హానిచేయదని కూడ వ్రాయరాదు. కొలది కొలదిగా ఏండ్లతరబడి పీల్చినచో, ఇతర ద్రవ్యములతో కూడి యేమి చేయునో అను వివాదము తీఱలేదు. తీఱినది వేఱొకటి. 2004 లో అమెరికా వైద్యసంస్థవారును, 2009 లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారును అన్ని పరిశోధనలు ప్రోగుచేసి చెప్పినదేమనగా, చెమ్మయు బూజును గల యిండ్లలో నుండువారికి దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసము ఎక్కువ. బూజు ఇంతవఱకు ఉండవచ్చునను హద్దు వ్రాయుటకు సాధ్యము కాలేదు. చెమ్మను తీసివేయుటయే ఉపాయమని వ్రాసిరి.

మా బాబాయిగారిని కూల్చినది విషము కాదు. పడకపోవుట. గడ్డివాములలో తడిగడ్డి లాగు రైతులకు, చెరకుపిప్పి ఎత్తు కూలీలకు వచ్చు ఊపిరితిత్తుల వాపు కూడ ఈ పడకపోవుట జాతిదే. నాకేమియు కానంత మాత్రమున నా ప్రక్కవానికి కాదని చెప్పుటకు వీలులేదు. ఒక పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి చదువు చదువరికి, అది పొడిగా, శుభ్రముగా నున్నంతవఱకు భయములేదు. ఉబ్బసమున్నవారు మాత్రము చెమ్మవాసన వేయు పుస్తకము తీసికొనవద్దు. భయమంతయు దులుపువానిది. మనమేమి చేసితిమి? భయములేని చందాదారులు 85 మందిని పోగొట్టుకొంటిమి. రేపు ఆ బీరువా ముందు ఎనిమిదవ తరగతి పిల్లలను నిలుపబోవుచున్నాము.

ఒక విషయము మీకు తెలియదు. బూజు చచ్చినను దుమ్ము చావదు. మందుకొట్టి చంపిన బూజు బీజము మొలకెత్తదు గాని, దానిలోని విషమును, పడనితనము పుట్టించు పదార్థమును అట్లే యుండును. ఆ బీరువా పైకి పొడిగానున్నది గదా, బూజు ఎండిపోయినది గదా అని నిన్న ఒకరు నాతో అనిరి. ఎండిన బూజే సులువుగా లేచును.

ఇక నా పద్దు. ఇది చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది గాని చెప్పక తప్పదు.

ఈ గ్రంథాలయపు గది పాత చావడి. గానుగసున్నపు గోడలు, పైన మద్రాసు మిద్దె. సున్నపు గోడ తడిసినను గాలికి ఆరును. 2011 లో మనము దానిమీద సిమెంటు పూత పూయించితిమి, అందముగా నుండునని లోపల నూనెరంగు వేయించితిమి. లోనికి పోయిన నీరు బయటికి రాలేక గోడలోనే నిలిచినది. 2013 నవంబరులో హెలెన్ తుఫాను మచిలీపట్నము దాపున తీరము దాటిన పిమ్మట ఉత్తరపు గది మిద్దె కారుట మొదలైనది. మాస్టారు చీటీ వ్రాసి పంపిరి. మేస్త్రి చెప్పిన వెల 18,400 రూపాయలు. ఆ యేటి చిట్టాలో నా చేతివ్రాతతో "పైకప్పు మరమ్మతు: వచ్చు సంవత్సరమునకు" అని యున్నది. తరువాతి యేడు మరల చీటీ, మరల అదే వ్రాత. మూడవ యేడు చీటీ లేదు. అప్పటికి ఆయన దగ్గుచుండిరి. ఆ యేడు కూడ వ్రాసియే యున్నాను, నిరుటి పంక్తి చూచి ఎత్తి వ్రాసితిని. సభలో తీర్మానించినవారు పదుగురు కావచ్చును. నిధి చాలదని లేచి చెప్పినవాడను నేను. నిధి చాలకపోలేదు. వాకిట ఇనుప బోర్డునకు 21,000 రూపాయలు ఆ నడుమనే వ్రాసియుంటిని.

పూర్వము తాళపత్రములు వ్రాసిన వ్రాయసగాండ్రు గ్రంథము చివర, దీనిని నూనెనుండి, నీటినుండి, వదులుకట్టునుండి కాపాడుడని చదువరులను వేడుకొనెడివారు. ఆ పట్టికలో బూజు ఏల లేదని చిన్నతనమున నాకు సందేహము. నీటిని చెప్పినచో బూజును చెప్పినట్లే యని మిద్దె కారిన తరువాత తెలిసినది. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు దాటి కొన్ని దినములు నిలిచిన చాలును, అట్టలోని పిండిజిగురు తిని బూజు మొలచును. మన డెల్టాలో శ్రావణమునుండి కార్తికము వఱకు తేమ తఱచుగా అంతకు మించియే యుండును. దానికి మిద్దె నీరు తోడైనది.

ఆ బీరువాలో 312 పుస్తకములున్నవి. మా తండ్రిగారిచ్చిన వావిళ్లవారి ముద్రణములు అందులోనివే. పోయిన నెలలో నేను ఎన్-95 ముసుగు కట్టుకొని, కరోనా నాళ్లలో మనమందఱము కట్టుకొన్నదే, కిటికీలు తెరచి, తడిగుడ్డ చేతబట్టుకొని చూచితిని. అంచులకు మచ్చలు మాత్రమున్నవి 190. అట్టలు పెచ్చుకట్టినవి 81. పుటలు అంటుకొనిపోయి ఉండలైనవి 41. సంఘములో కొందఱు అన్నిటిని భోగిమంటలో వేయుదమనిరి. కొందఱు అన్నిటిని దులిపి అద్దాలపెట్టెలో పెట్టుదమనిరి. రెండును నాకు సమ్మతము గాదు. 1966 నవంబరు 4 వ తేదీని ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లారెన్సు నగరపు గ్రంథాలయములో లక్షలకొలది పుస్తకములు బురదలో మునిగినవి. అవి మన పుస్తకములకంటె హీనస్థితిలో నుండెను. పొగాకు ఆరబెట్టు కొట్టములలో, మన ప్రకాశము జిల్లా బ్యారనులవంటివానిలో, కొన్నిటిని ఆరబెట్టి, ఏండ్లతరబడి పుట పుటకు పనిచేసి ఎన్నిటినో నిలిపిరి.

మొదట మిద్దె. అది ఆరకుండ పుస్తకము ముట్టుకొనుట వృథా. తరువాత లోపలి నూనెరంగును, సిమెంటు పూతను గీకించి మరల సున్నము పూయించవలెను. బీరువాలను గోడకు జానెడు ఎడముగా జరుపవలెను. తేమను చూపు చిన్న యంత్రము కొన్ని వందల రూపాయలకు దొరకును. ఒకటి కొని గదిలో పెట్టుదము. పుస్తకములను పెద్దవారు నలుగురు, ఉబ్బసము లేనివారు, ముసుగులు, చేతిసంచులు తొడిగికొని, ఆరుబయట, గాలి వీపువైపునుండి వీచునట్లు కూర్చుండి, మెత్తని కుంచెతో ఒక్కొక్క పుట తుడువవలెను. క్రింద తడిగుడ్డ పఱచవలెను. ప్లాస్టిక్ సంచులలో మూయవద్దు, కాగితపు సంచులు మేలు. వేపాకు, వసకొమ్ము, కలరా ఉండలు పురుగులకు పనికివచ్చునేమో గాని బూజును ఆపలేవు. వెనుకటి గ్రంథాలయములలో వాముపువ్వు ఆవిరి పట్టించెడివారు. చెమ్మ తిరిగివచ్చినచో బూజు తిరిగి మొలచుటయు, పనివారికి ఆ ఆవిరి హాని చేయుటయు చూచి మానుకొనిరి. ఆ 41 పుస్తకములకు పేర్లు వ్రాసికొని, సంచిలో మూతిగట్టి పంపివేయుదము. మంటలో మాత్రము వేయవద్దు. ఇండ్లలో గోడబూజునకు కూడ ఇదియే పద్ధతి: పొడిచీపురు కాదు, సబ్బునీటి గుడ్డ; ఆ వెనుక నీరెక్కడనుండి వచ్చుచున్నదో వెదకుట.

మేస్త్రిని నిన్న మరల పిలిపించితిని. ఇప్పటి వెల 86,000 రూపాయలు. మన నిలువ 31,250. తక్కువ 54,750. ఈ అంకెలు నేనే కట్టినవి గాన మొదటి పద్దు నేనే వ్రాయుట న్యాయము. నాడు నేను వాయిదావేసిన 18,400 రూపాయలు ఈ సభలోనే కార్యదర్శిగారి చేతికిచ్చుచున్నాను. మిగిలిన 36,350 రూపాయలకు చిట్టా తెరచి బల్లమీద పెట్టియున్నాను, కలము ప్రక్కనే యున్నది.

ఉత్తరపు గది తాళపుచెవి నాయొద్ద నున్నది. దానిని రేపు ఉదయము ఇయ్యను, అధ్యక్షులవారు మన్నింపవలెను. విద్యార్థులు వచ్చినచో అరుగుమీద మాస్టారిచుట్టును కూర్చుండుడు. ఆస్తీకుని కథ మీకు పాఠములో సగమే యున్నదట. మిగిలిన సగము ఆయనకు కంఠస్థము. ఆయనకు దగ్గు వచ్చినపుడు కొంచెము ఆగుడు.